అందరూ ఔనన్న మనిషి

టెకౌటు కడుతున్న పడవ సరిగా రావడం లేదని ఊళ్లో అందరికీ తెలుసు. టెకౌటుకీ తెలుసు. తప్పు ఎక్కడుందో మాత్రం తెలియడం లేదు. అది చెప్పగలిగినవాడు వాళ్ల పెదనాన్న నకిబే ఒక్కడే. ఆయన రోజూ పొద్దున పడవల పాక ముందునుంచి నడిచి వెళుతూ ఒక్క క్షణం ఆగి, చెక్కల వంక చూసి, "బావుంది" అనేసి వెళ్లిపోతున్నాడు.

బేరు దీవిలో పడవ కట్టడం ఇంటి విద్య. ఒక ఇంటి కొలతలు ఇంకో ఇంటికి చెప్పరు. ఎవరూ అడగరు కూడా. టెకౌటు ఇంటి కొలతలు వాళ్ల నాన్నతో పాటు సగం మట్టిలో కలిసిపోయాయి. మిగతా సగం నకిబే చేతుల్లో ఉంది. ఆయన మోచేతిలో, బొటనవేలి గోటిలో, చెక్కని తట్టి చెవి ఒగ్గి వినే తీరులో ఉంది. ఆయనకి కొడుకుల్లేరు. ఆయన ఎవరికీ చెప్పకుండా పోతే ఆ ఇంటి పడవ మరి నీళ్లలోకి దిగదు. అందుకే ఆ "బావుంది" అన్న మాట వినపడినప్పుడల్లా టెకౌటు ఉలి పక్కన పెట్టేసేవాడు.

ఇదంతా ఊరి సావిడి మనేబాకి కప్పు వేసే దగ్గర మొదలైంది.

టెకౌటు కుర్రతనంలోనే జర్మనీ సరుకు ఓడల మీద పనికి వెళ్లాడు. ఆ ఓడ మీద డెట్లెఫ్ అని ఒక సరంగు ఉండేవాడు. ఎర్ర గడ్డం, రేవు మొత్తానికి వినపడే గొంతు. మొదటి రోజుల్లో అతనూ వంటవాడూ ఒక తాడు ఎక్కడ చుట్టాలన్న దాని మీద మొహంలో మొహం పెట్టి అరుచుకుంటుంటే టెకౌటు వెనక్కి జరిగాడు. ఇంక ఇవాళ కత్తులు లేస్తాయి అనుకుని ఒక మూల నక్కి కూర్చున్నాడు. కాసేపటికి తొంగి చూస్తే ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కాఫీ తాగుతూ ఫుట్‌బాల్ గురించి మాట్లాడుకుంటున్నారు. వాళ్లకి కోపం రాలేదని కాదు. వచ్చిన కోపం తాడుది. తాడు చుట్టేశాక అది అక్కడే ఉండిపోయింది.

అలవాటు కావడానికి చాలా కాలం పట్టింది. ఒకరోజు పొగమంచులో, లంగరు గొలుసు దగ్గర, టెకౌటు తనకే తెలియకుండా డెట్లెఫ్ మొహం మీద "కాదు, నువ్వు చెప్పేది తప్పు" అనేశాడు. డెట్లెఫ్ కళ్లు చిన్నవి చేసి చూశాడు. తర్వాత పెద్దగా నవ్వి, వీపు మీద ఒక్కటి చరిచి, ఇన్నాళ్లకి నీకు నోరుందని తెలిసిందిరా అన్నాడు. ఆ పూటనుంచి కష్టమైన పనులు టెకౌటుకే ఇచ్చేవాడు. అప్పుడు పొందిన ఆ తేలికదనాన్ని టెకౌటు మరిచిపోలేదు. ఓడ పని చాలించి ఇంటికి వచ్చినప్పుడు రేకు పెట్టెతో పాటు దాన్నీ మోసుకొచ్చాడు.

మనేబాలోకి వెళ్లాలంటే ఎంతటివాడైనా నడుం వంచాల్సిందే. చూరు అంత కిందికి ఉంటుంది. లోపల ఏ ఇంటి చోటు ఆ ఇంటిదే. తాతలు ఏ రాతి స్తంభానికి ఆనుకుని కూర్చున్నారో మనవలూ అక్కడే కూర్చుంటారు. అక్కడ మాట తొందరపడదు. ఒక పెద్దాయన ఏదో చెయ్యాలంటాడు. నచ్చనివాడు ముందు ఆ మాటని మెచ్చుకుంటాడు. తర్వాత తన తాత ఒకసారి చూసిన సంగతి ఏదో చెబుతాడు. నాకేం తెలుసులే అని చుట్ట అంటించుకుంటాడు. ఇంకొకడు ఇంకో సంగతి చెబుతాడు. పొద్దు వాలేసరికి చెయ్యాలనుకున్న పని చెయ్యకుండా ఉండిపోతుంది. ఎవరూ కాదన్నట్టు ఉండదు.

టెకౌటు ఆ గాలిలోనే పెరిగాడు. కానీ ఓడ మోత మధ్య బతికినవాడికి ఆ సన్నటి చప్పుడు వినే చెవి పోయింది.

ఆ ఏడు మనేబాకి కొత్త కప్పు వెయ్యాలి. మొగలాకు తడకలు సిద్ధంగా ఉన్నాయి. ఏ వైపు ముందు వెయ్యాలో చెప్పే హక్కు నకిబేది. ఆయన నెమ్మదిగా, పడమటి వైపు ముందు కప్పుదాం అన్నాడు. టెకౌటుకి తూర్పు గాలులు వచ్చే కాలమని గుర్తొచ్చింది. తూర్పు తెరిచి ఉంచి పడమర కడితే గాలి కింద దూరి తడకల్ని లేపేస్తుంది. పనిలో తప్పు కనపడితే ఊరుకోవడం పనికి ద్రోహం అనిపించింది. కూర్చున్న చోటే మోకాళ్ల మీద లేచాడు.

"కాదు పెదనాన్నా, అది తప్పు. గాలి సంగతి మర్చిపోయావు. తూర్పు వైపు ముందు కప్పాలి."

మనేబాలో ఎవరూ కదల్లేదు. పడమటి స్తంభం దగ్గర ఒంటరిగా కూర్చున్న ముసలి కరావా మాత్రం ఎండ పడుతుంటే తన చాపని కాస్త ఇవతలికి లాక్కుంది. నకిబే కప్పులోని కన్నాల వైపు చాలాసేపు చూశాడు. ఆ తర్వాత, "నిజమే. మావాడు చెప్పినట్టే చేద్దాం" అన్నాడు.

అలాగే చేశారు. కప్పు బాగా వచ్చింది. ఆ రోజుల్లో గాలి లేవలేదు, పడమర ముందు వేసినా బాగానే వచ్చేది.

ఆ మాటన్న సాయంత్రమే టెకౌటు పెదనాన్న ఇంటికి కాఫీ డబ్బా పట్టుకుని వెళ్లాడు. ఆయన తిడతాడు, తను కూడా రెండు అంటాడు, అక్కడితో అయిపోతుంది అనుకున్నాడు. నకిబే ఒక్క మాట తిట్టలేదు. కాఫీ మెచ్చుకున్నాడు. చాప మీద మంచి వైపు కూర్చోబెట్టాడు. వెళుతుంటే లేచి నిలబడ్డాడు.

ఆ రోజునుంచి టెకౌటు ఏమన్నా ఊళ్లో అందరూ ఔనన్నారు.

దక్షిణపు గట్టు దగ్గర వల వేద్దామనుకుంటున్నా అంటే, మంచి ఆలోచన అన్నారు. పొద్దంతా కూర్చుంటే ఒక్క చేప రాలేదు. తిరిగొచ్చేసరికి ఉత్తరాన వల వేసినవాళ్లు చేపలు పంచుకుంటున్నారు. పక్కింటి ఉరియామ్ పళ్లన్నీ బయటపెట్టి నవ్వి రెండు చేపలు అతని చేతిలో పెట్టాడు.

"ఉత్తరాన పడుతున్నాయని నీకు పొద్దునే తెలుసు కదరా?"

"తెలుసు."

"మరి దక్షిణం మంచిదన్నావేం?"

"నువ్వు ఓడల మీద తిరిగొచ్చినవాడివి. నీకు తెలియదా అనుకున్నా" అన్నాడు ఉరియామ్. వెక్కిరింపు ఎక్కడా కనపడలేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

చేమదుంపలు పండే గుంట గట్టు ఇక్కడ తెగుతుందేమో అంటే, తెగుతుంది అన్నారు. తెగదేమో అంటే, తెగదు అన్నారు. మాట నోట్లోంచి వెళ్లి ఎవరినీ తాకకుండా తిరిగి వచ్చేసేది. పొగమంచులో ఓడ కూత వేస్తే బదులు కూత రానప్పుడు ఎలా ఉంటుందో అలా ఉండేది. మధ్యాహ్నం పడవల పాకలో చెక్కపొట్టు మీద పడుకుంటే కునుకు పట్టేది. ఆ కునుకులో డెట్లెఫ్ నారింజరంగు పని బట్టలతో మనేబా మధ్యలో నిలబడి అరుస్తూ ఉండేవాడు. పెద్దలందరూ ఔనౌనని తలలూపేవారు. స్తంభాల మధ్యనుంచి వెండి చేపలు మెల్లగా ఈదుకుంటూ పోయేవి. మెలకువ వచ్చాక కూడా కాసేపు ఆ నీళ్లు ఛాతీ మీదే ఉన్నట్టుండేది.

"నన్ను దెయ్యాన్ని చేశారే వీళ్లు" అన్నాడు ఒకరోజు భార్య టిరోయాతో.

ఆమె చాప అల్లుతూ తలెత్తలేదు. "దెయ్యాన్ని కాదు. చుట్టాన్ని చేశారు. పరాయి ఊరి చుట్టం ఏమన్నా ఔననాలి కదా. ఇంట్లోవాడితోనే కదా పేచీ పెట్టుకునేది."

"నేనిక్కడ పుట్టినవాణ్ణి."

"అది వాళ్లకి తెలుసు. నీకు గుర్తుందా అని చూస్తున్నారు."

టెకౌటు మొండివాడు. నోరు చేయలేని పని పడవ చేస్తుందనుకున్నాడు. మంచి పడవ కడితే పెదనాన్న పని మీద మాట్లాడక తప్పదు. గుర్తున్నంత వరకు గుర్తు తెచ్చుకుంటూ చెక్కలు చెక్కాడు. కొబ్బరి పీచు తాడుతో అంచులు కుట్టాడు, సందుల్లో మొగలాకు చీలికలు దట్టాడు. పక్కన తేలే దుంగని కర్రలతో కట్టి, తెరచాప ఎత్తి, పగడపు మడుగులోకి తీసుకెళ్లాడు. పడవ నాలుగు బారలు తిన్నగా వెళ్లి దుంగ వైపు తిరిగిపోయింది. తెడ్డుతో ఎంత నొక్కిపెట్టినా, తాడు కట్టిన మేకలా గుండ్రంగా తిరగడమే. ఒడ్డున నకిబే నిలబడి ఉన్నాడు.

"ఎలా ఉంది పెదనాన్నా?"

"బావుంది" అన్నాడు నకిబే.

అప్పుడు టెకౌటుకి రోషం వచ్చింది. తెలిసి తెలిసి తప్పులు చెయ్యడం మొదలుపెట్టాడు. చివికిన తాడుతో కుట్టు వేశాడు. నకిబే బావుందన్నాడు. కొలిచి చెక్కిన చెక్కని పొడుగు తగ్గించి పాడుచేశాడు. అదీ బావుందన్నాడు. ఆఖరికి దుంగని తలకిందులుగా, నీటిని కోసే అంచు ఆకాశం వైపు ఉండేలా కట్టాడు. అది తప్పని మేకకి కూడా తెలుస్తుంది. ఆ పొద్దున నకిబే పాక ముందు చాలాసేపు నిలబడిపోయాడు.  కుడిచేయి దానంతట అదే దుంగ వైపు లేచింది. దాన్ని ఎడమ చేత్తో పట్టుకున్నాడు.

"బావుంది" అన్నాడు. అని, ఎప్పుడూ వెళ్లే దారిన కాకుండా ఇంటికి వెనక్కి వెళ్లిపోయాడు.

మర్నాడు నీళ్ల బావి దగ్గర పెద్దమ్మ తబేర టిరోయాని పట్టుకుంది. "మీ ఆయనకి చెప్పవే తల్లీ, ఆ దుంగని తిప్పి కట్టమని. మీ మామ నిన్నటినుంచి తిండి ముట్టలేదు. పడుకుని కళ్లు మూసుకుంటాడు, చేతులు మాత్రం గాల్లో ముడులు వేస్తూనే ఉన్నాయి. చూస్తుంటే భయమేస్తోంది."

టిరోయా ఆ మాట మొగుడికి చెప్పింది. టెకౌటు వెంటనే వెళ్లి దుంగని విప్పేశాడు. గెలిచినట్టు అనిపించలేదు. చెడ్డ పనిని మంచిదని చెప్పాల్సి రావడం పనివాడికి ఎంత బాధో అతనికి తెలుసు. ఆ బాధ తానే పెట్టాడు. అయినా ఆ మనిషి నోరు తెరవలేదు. ఎందుకు?

"నువ్వు అడుగుతున్నావు కాబట్టి" అంది టిరోయా. "మొహం మీద అడిగితే మొహం మీద చెప్పాలి. అలా చెప్పడం ఆయనకి రాదు. కొబ్బరి చెట్టెక్కి పాడు."

"పాడటమా?"

"అందరూ పొద్దునా సాయంత్రం నీరా గీస్తూ పాడతారు. నువ్వొక్కడివే మూగమొద్దులా ఎక్కి దిగుతావు. చెట్టు మీద పాడినదానికి కింద ఎవడూ నిలదియ్యడు. నీ పడవని నువ్వే తిట్టుకో. ఆయన్ని ఏమీ అడక్కు."

ఆ సాయంత్రం గాలి పడిపోయింది. మడుగు పాలు పారబోసినట్టు తెల్లగా ఉంది. టెకౌటు గాట్ల మీద కాళ్లు పెట్టుకుంటూ చెట్టెక్కి, మట్టల మధ్య కూర్చుని, పూమొవ్వ కొన మీద కత్తి పెట్టాడు. చుట్టూ చెట్ల మీదనుంచి పాటలు. ఎవరి పాట వాళ్లది, దేనికీ దేనికీ సంబంధం లేకుండా, ఒకదాని మీదుగా ఒకటి పోతూ. అతను గొంతు సవరించుకున్నాడు. సిగ్గుతో చెవులు కాలాయి.

"నా పడవని చూడండి, ఓ సముద్రం పక్షుల్లారా,
పీతలాగా పక్కకే నడుస్తుంది.
ఇంటికి పొమ్మంటే తోక చుట్టూ తిరుగుతుంది."

గొంతు బాగోలేదు. పక్క చెట్ల మీద పాటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. కింద ఎవరో ఆడవాళ్లు నవ్వారు.  మొవ్వనుంచి నీరా చుక్క జారి చిప్పలో పడిన చప్పుడు వినపడింది. అప్పుడు చేమగుంటల అవతల, పొట్టి చెట్టు మీదనుంచి, జీర పట్టిన ముసలి గొంతు లేచింది.

"పీతని తిట్టకండి, దాని ఇల్లు దానికి తెలుసు.
చేపకి పొట్ట పైకి, వీపు కిందికి కుట్టినవాడి చేతులు
ఏ చలి దేశంలో గడ్డకట్టాయో."

చెట్లన్నీ ఒక్కసారి నవ్వాయి. ఉరియామ్ నవ్వుతూ చిప్ప జారవిడిచినట్టున్నాడు, కింద టప్పున పడింది.  ఇంతకాలానికి ఒక మనిషి టెకౌటుని తప్పు పట్టాడు. ఊరంతా వినేలా తిట్టాడు. కళ్లలో నీళ్లు తిరిగితే, అవి కొబ్బరి మట్ట రాసుకుని వచ్చినవని తనకి తనే చెప్పుకున్నాడు.

ఆ తర్వాత రోజూ అదే నడిచింది. కింద కలిస్తే నకిబే ఏమీ జరగనట్టు "బావుంది" అంటాడు. చెట్టెక్కితే పడవలో ఒక్క చెక్కని కూడా వదలడు. కుట్టు వదులుగా ఉందని, సందుల్లో దట్టిన ఆకు పచ్చిదని, రెండు పక్కల బుగ్గలూ సమానంగా ఉన్న పడవని ఏ తల్లి కన్నదని. టెకౌటు ఊరుకోలేదు. ఒక పొద్దున, కళ్లున్న పెద్ద పక్షి గూట్లో కూర్చుని నిద్ర నటిస్తుంది, పిల్లలు గాలికి కొట్టుకుపోతుంటే చూడదు అని పాడాడు. కాస్త మీరినట్టు అతనికే తెలిసింది. 

ముసలి గొంతు ఈసారి వెక్కిరించలేదు. చాలా నెమ్మదిగా, ఎవరితోనూ కాదన్నట్టు పాడింది.

"గాలి ఎటునుంచి వస్తుందో పక్షికి తెలుసు.
పడమటి కొమ్మ మీద ఒక్కతే కూర్చుంది,
ఆమె గూటివాళ్లందరినీ సముద్రం పిలుచుకుంది.
ఆమె నెత్తిన ఎండ పడకూడదని
పక్షి ఒక ఆకు అడ్డం పెట్టబోయింది."

టెకౌటు కత్తి ఆగిపోయింది. పడమటి స్తంభం. కరావా. ఆమె భర్తా ఇద్దరు కొడుకులూ తను ఓడ మీద ఉన్నప్పుడు చేపలకి వెళ్లి తిరిగి రాలేదని ఉత్తరంలో చదివాడు. అప్పటినుంచి ఆ చోట్లో ఆ ఇంటి తరఫున ఆమె ఒక్కతే. కప్పు వేస్తున్నన్నాళ్లూ మిగతా ఇళ్లవాళ్లు నీడలోకి జరిగారు. ఆమె జరగలేదు. తన ఇంటి చోటు ఖాళీగా వదలడం ఇష్టం లేక ఎండలోనే కూర్చుంది. పడమర ముందు కప్పుదామని నకిబే అన్నది ఆమె కోసం. గాలి కోసం కాదు. ఆ సంగతి అందరికీ అర్థమైంది. ఆ మాట బయటికి అంటే ఆమె ఒంటరితనాన్ని మనేబా మధ్యలో పెట్టి చూపించినట్టు అవుతుంది. టెకౌటు తప్పన్నాక నకిబేకి రెండే దారులు. కారణం చెప్పి ఆమెని చిన్నబుచ్చడం, లేదా ఔనని ఊరుకోవడం.

గాలి గురించి టెకౌటు చెప్పింది సరైనదే. కానీ అక్కడ మాట గాలి గురించి కానే కాదు.

 తెల్లవారి వెలుగు మట్టల సందులోంచి వచ్చి మోచేతుల మీద చారలు చారలుగా పడింది. కింద ఊరు నీళ్లలో మునిగి ఉన్నట్టు, ఇళ్ల మధ్య మనుషులు నిదానంగా తేలుతున్నట్టు కనపడింది. చివరికి ఇంత మాత్రం పాడాడు.

"గాలిని చూశాను, గాలిని చూశాను.
గాలి కింద కూర్చున్న మనిషిని చూడలేదు."

చేమగుంటల అవతల పొట్టి చెట్టు మట్టలు కదిలాయి. మెల్లగా ఉరియామ్ తన పాత పాట ఎత్తుకున్నాడు. తర్వాత ఇంకొకడు. చెట్లన్నీ మళ్లీ ఎవరి గొడవలో వాళ్లు పడ్డాయి.

టెకౌటు దిగి పాకకి వెళ్లేసరికి నకిబే లోపల ఉన్నాడు. పడవ పక్కన గొంతుక్కూర్చుని, కుట్లన్నీ వరసగా విప్పేస్తున్నాడు. పక్కన తాడు ముక్కలు కుప్పపడి ఉన్నాయి. టెకౌటు ఎదురుగా కూర్చున్నాడు. ముసలాయన చెక్క మీద అరచెయ్యి ఆనించి, అటునుంచి ఇటు పాముతూ, "కాదు" అన్నాడు. "ఇలా కాదు."

ఆ మాట విన్న టెకౌటుకి ఎంత హాయి కలిగిందంటే, చెక్కపొట్టు వాసన కూడా కొత్తగా తగిలింది.

"ఓడకి రెండు బుగ్గలూ సమానంగా ఉంటాయి. మన పడవకి కాదురా. దుంగ వైపు బుగ్గ ఉబ్బాలి, ఇటువైపు పీల్చుకోవాలి. దుంగ ఒక పక్కకి లాగుతుంటే పొట్ట రెండో పక్కకి తొయ్యాలి కదా. మీ నాన్న చెప్పలేదూ?"

"చెప్పుంటాడు. నేను వినుండను."

"అది నిజమే అయ్యుంటుంది" అన్నాడు నకిబే. చాలా కాలానికి అది నిజంగా ఔనన్న మాట.

ఆ తర్వాత రోజుల్లో ఇద్దరూ పాకలోనే ఉన్నారు. ఎంత ఉబ్బాలో నకిబే మోచేతితో చూపించేవాడు. టెకౌటు చెక్కేవాడు. కాదంటే మళ్లీ చెక్కేవాడు. తబేర తెచ్చిన సీమపనస ముక్కలు చెక్కపొట్టు పడినా అలాగే తినేసేవారు. కరావా అప్పుడప్పుడు వచ్చి గుమ్మం దగ్గర కూర్చుని, మొగలాకు చీలికలు చీరి ఇచ్చేది. ఎవరూ ఆమెని రమ్మనలేదు, పొమ్మనలేదు.

దుంగ కర్రలు కట్టేటప్పుడు నకిబే వేసే ముడి టెకౌటుకి నచ్చలేదు. అలలు కొడితే ఆ ముడి ఒక పక్కకి నలుగుతుంది. ఓడ మీద దానికంటే మంచిది వేసేవారు. నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు. కాసేపు తాడు పేనుతూ కూర్చున్నాడు.

"నీ ముడి గట్టిది పెదనాన్నా. ఓడ మీద ఒక పిచ్చి సరంగు ఉండేవాడు. ఇలాంటి చోట వాడు ఇంకో రకంగా కట్టేవాడు. ఎలాగో సరిగ్గా గుర్తు లేదు. వాడు తాగుబోతు కూడా."

నకిబే పని ఆపలేదు. "గుర్తు తెచ్చుకో."

"మన పడవలకి పనికిరాదేమో."

"ఒరేయ్, చెట్టు ఎంతసేపు ఎక్కుతావు? నసపెట్టకుండా చూపించు."

టెకౌటు ముడి వేశాడు. నకిబే దాన్ని గోటితో గీకాడు. పళ్లతో పట్టి లాగాడు. ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు.

"తడిస్తే జారుతుంది."

"జారదు" అన్నాడు టెకౌటు.

మాట తడుముకోకుండా వచ్చేసింది. ఇద్దరూ ఒకరి వంక ఒకరు చూశారు. గుమ్మం దగ్గర కరావా చీలికలు చీరడం ఆపింది. మడుగు మీదనుంచి ఎండ పాక కప్పులోకి వచ్చి, నీటి నీడలు వాసాల మీద ఊగుతున్నాయి.

నకిబే తాడుని ముడితో సహా తీసుకెళ్లి, బయట నీళ్ల తొట్టిలో వేసి, పైన ఒక రాయి పెట్టాడు. తిరిగొచ్చి చుట్ట అంటించాడు. అది నానేదాకా ఇద్దరూ అక్కడే కూర్చున్నారు.